ముగ్గురికీ ఒక్కటే డబ్బా

అన్న గదిలోంచి మళ్ళీ సుత్తి దెబ్బ వినిపించింది. ఇందాకటిలా రేకు సొట్టపడిన మోత కాదు. లోపల ఏవో పళ్ళు రాలినట్టు గలగలమంది.

“తలుపు తియ్యి నాన్నా,” అమ్మ తలుపుకి చెంప ఆనించి బతిమాలుతోంది. “దాన్ని బద్దలుకొడితే పోయినవాళ్ళు లేచొస్తారా చెప్పు?”

లోపల్నించి జవాబుగా ఇంకో దెబ్బ పడింది.

“కొట్టనీయమ్మా,” అన్నాడు తమ్ముడు గోడకి చేరగిలబడి. “వాడి కంప్యూటరు, వాడి సుత్తి. మనకి టికెట్టు లేకుండా చూపిస్తున్నాడు.”

తమ్ముడికి వెటకారం ఎక్కువ. భయం వేసినప్పుడు మరీ ఎక్కువ. నడిపి వాడి వైపు చూసింది. నవ్వుతున్న ఆ మొహంలో పెదవుల చుట్టూ రంగు లేదు.

ఇద్దరు మగపిల్లల మధ్య పుట్టింది కాబట్టి ఇంట్లో ఆమెని అందరూ నడిపి అనే పిలుస్తారు. ఇంట్లోనే కూర్చుని ప్రెస్సులకి పుస్తకాలు కంపోజ్ చేసి ఇస్తుంది. ఆ ప్రెస్సులవాళ్ళు కూడా ‘నడిపమ్మగారూ’ అనే అంటారు. ఆ పొద్దున ఆమె చేతిలో ప్రూఫులున్నాయి గాని, ఒక్క అక్షరం కంటికి ఆనడం లేదు.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల ఆమె భర్త ఉన్న గది అది. అయినా తలుపు దగ్గరికి రాలేదు, పిలవలేదు. స్లాబు కూలిందన్న కబురు వచ్చినప్పటినుంచి ఆమె నోటివెంట పట్టుమని నాలుగు మాటలు రాలేదు.

గడియ తీసిన చప్పుడైంది. అన్న బయటికొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మోచేతి దగ్గర గాజుముక్క గీసుకుని నెత్తురు కారుతోంది. చేతిలో సుత్తి అలాగే ఉంది. అమ్మని చూడలేదు, తమ్ముణ్ణి చూడలేదు. తిన్నగా నడిపి ముందుకొచ్చి ఆగాడు.

“డబ్బా ఏదీ?”

ఆ ఇంట్లో డబ్బా అంటే వంటింట్లోది కాదు. అరచేతిలో ఇమిడే నల్లటి ఎక్స్‌టర్నల్ డ్రైవ్. మీద తెల్ల కాగితం అతికించి, ముగ్గురి పేర్లూ నడిపే రాసింది. ఆదివారం వచ్చిందంటే ఆ డబ్బాని ఒక్కో గదికీ తిప్పడం ఆమె పని. మొదట అన్న కంప్యూటర్‌కి పెట్టి అతను గీసిన ప్లాన్లన్నీ నకలు తీసేది. తర్వాత తన పుస్తకాలు. ఆఖర్న తమ్ముడిది, ఎందుకంటే వాడి పెళ్ళి వీడియోలు ఎక్కడానికి సినిమా చూసి వచ్చేంత సేపు పట్టేది. ఎవరి కంప్యూటరు చచ్చినా వాళ్ళ పని బతికుండాలని ఆమె పెట్టిన పద్ధతి అది. పాత నకళ్ళు కూడా చెరిపేది కాదు.

ఇప్పుడదే వాళ్ళ ముగ్గురి మధ్యా నిప్పు పెట్టింది.

“ఎందుకు?” అంది నడిపి.

“ఎందుకో నీకు తెలీదూ? పొద్దున్నించీ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మధ్యాహ్నంలోపు దాన్ని వాళ్ళ చేతిలో పెట్టాలి.”

“నీ ఫోల్డరు నువ్వు తుడిచేసుకోరాదూ?” అన్నాడు తమ్ముడు. “మావాటి జోలికి రావడం దేనికి?”

“తుడిచినా మళ్ళీ పైకి తీసే మొనగాళ్ళున్నారట. బిల్డరు వినడు. ఆయనకి డబ్బాయే కావాలి.”

“మరి నావి?” తమ్ముడు గోడని వదిలి ముందుకొచ్చాడు. “నా డిస్కు చచ్చి వారమైంది. ఈ ఏడాది తీసిన పెళ్ళిళ్ళన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఒక పెళ్ళికూతురికి నెలలు కూడా నిండొస్తున్నాయి, వీడియో మాత్రం రాలేదని వాళ్ళ నాన్న రోజూ నన్ను ఉతుకుతున్నాడు. వెళ్ళి ఏం చెప్పను? ఇంకోసారి పెళ్ళి చేసుకోండి, ఇంకోసారి తీస్తాననా?”

“పెళ్ళి వీడియోలట! ఇక్కడ నా మెడకి ఉరి బిగుస్తోందిరా!”

“ఆ తాడు పేనింది నువ్వేగా అన్నయ్యా,” అంది నడిపి.



ఆమె అన్నది కొత్త సంగతేం కాదు. అందరికీ తెలిసిందే. బిల్డరు కడుతున్న భవనంలో పై అంతస్తు స్లాబు కూలి ఇద్దరు కూలీలు చచ్చిపోయారు. అనుమతి కోసం ఇచ్చిన ప్లానులో లావు కడ్డీలే ఉన్నాయి. పనిచోటికి వెళ్ళిన డ్రాయింగులో మాత్రం సన్నవి. ఆ రెండోది బిల్డరు గీయమంటే అన్న గీశాడు. మేస్త్రీ చేతిలో ఉన్న కాగితాలని బిల్డరు మనుషులు ఆ సాయంత్రమే ఏరుకుపోయి తగలబెట్టేశారు. ఇనుము దొంగిలించి సన్న కడ్డీలు వేశాడని మేస్త్రీ మీదే కేసు పెట్టించారు. సన్న కడ్డీల డ్రాయింగు అన్న కంప్యూటర్లోనూ ఈ డబ్బాలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. కంప్యూటరు సంగతి ఇప్పుడే సుత్తి చూసుకుంది.

“బాబాయి లాకప్పులో ఉన్నాడు,” అంది నడిపి మెల్లగా. నాన్నతో కలిసి పనిచేసిన ఆ మేస్త్రీని చిన్నప్పటినుంచీ ఆమె బాబాయనే పిలుస్తుంది. “నిన్న నేను వెళ్ళి చూశాను. దవడ విరగ్గొట్టారు. నన్ను చూసి పలకరిద్దామని నోరు తెరిచాడు, మళ్ళీ మూతపడలేదు. నెత్తురూ చొంగా కారుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని సిగ్గుపడ్డాడు అన్నయ్యా. నా ముందు సిగ్గుపడ్డాడు.”

అన్న కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు.

“ఆయన మీద నాకు మాత్రం జాలి లేదటే?” అంది అమ్మ. “ఈ గోడలు ఆయన కట్టినవే. అయినా పరాయివాడి కోసం తోడబుట్టినవాణ్ణి జైలుకి పంపుతావా? ఇచ్చెయ్యవే. డబ్బా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.”

“డబ్బా కొనొచ్చమ్మా. అందులోవి ఎక్కడ కొంటాం?”

“నీ పుస్తకాలు నీ కంప్యూటర్లో ఉన్నాయిగా,” అన్నాడు అన్న. “నీకేం పోయింది మధ్యలో?”

“నాకేం పోలేదు. అందుకే ఇవ్వనంటున్నాను. నాకోసమైతే ఎప్పుడో నీ మొహాన కొట్టేదాన్ని.”

చెంప మీద పడ్డ దెబ్బ ఆమెకి ముందు వినిపించింది, తర్వాత నొప్పి తెలిసింది. ప్రూఫు కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. అన్న ఆమె మీద చెయ్యి చేసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కొట్టిన చేతిని అతనే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

ఆ చూపు ఎంతోసేపు నిలవలేదు. ఆమెని పక్కకి నెట్టి ఆమె గదివైపు నడిచాడు.

తమ్ముడు పరిగెత్తి గుమ్మానికి అడ్డం పడ్డాడు. రెండు చేతుల్తో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

“జరుగు.”

“జరగను.”

“ఒరేయ్, జరగమన్నానా!”

“అక్కని కొట్టావు. ముందు దాని సంగతి తేలనీ.”

అన్న భుజంతో గుద్దాడు. తమ్ముడు కదల్లేదు. మోకాలు పైకెత్తి అన్న పొట్టలో తన్నాడు. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని పక్కనున్న అద్దాల బీరువా మీద పడ్డారు. అద్దం భళ్ళున పగిలింది. తమ్ముడి నుదురు చీరుకుపోయింది. కళ్ళలోకి నెత్తురు కారుతున్నా వాడు అన్న చెవి దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. చిన్నప్పుడు క్యారమ్స్ దగ్గర కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నారనిపించి నడిపికి ఒక్క క్షణం ధైర్యం కూడా వచ్చింది.

“చాలు! ఆపండి! మీకు దణ్ణం పెడతాను, ఆపండి!” అమ్మ అరుస్తూనే ఉంది.

తమ్ముడు లేచి మళ్ళీ ద్వారబంధం పట్టుకున్నాడు. అన్నా లేచాడు. చేతిలో సుత్తి ఉందన్న సంగతి అతనికి గుర్తుందో లేదో దేవుడికే తెలియాలి. చెయ్యి పైకి లేచింది, దిగింది.

చెక్కకీ ఇనుముకీ మధ్య తమ్ముడి కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి.

వాడు అరవలేదు. నోరు తెరుచుకుంది గాని గొంతులోంచి ఏదీ రాలేదు. చేతిని కళ్ళముందు పెట్టుకుని చూసుకుంటూ మెల్లగా గోడవారగా జారి కూర్చున్నాడు. చూపుడువేలు ఉండాల్సిన తీరులో లేదు. కెమెరా మీట నొక్కే వేలు.

అప్పుడు వచ్చింది కేక. అది వాడిది కాదు, అమ్మది.

సుత్తి అన్న చేతిలోంచి జారి నేలమీద దొర్లింది. “చూసుకోలేదురా,” అన్నాడు. “నేను చూసుకోలేదు.” ఆ రెండు మాటలే నాలుగుసార్లు అన్నాడు. తమ్ముడి దగ్గర మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి పట్టుకోబోతే వాడు కాలితో తన్నాడు.

అందరికన్నా ముందు కదిలింది వదినే. వాళ్ళని దాటుకుని నడిపి గదిలోకి వెళ్ళి, అక్కడ ఆరేసిన తువ్వాలు తెచ్చి, చింపి, తమ్ముడి వేళ్ళకి చుట్టింది.

“హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి,” అంది నడిపి.

ఎవరైనా లేచేలోపు వాకిట్లో కారు ఆగింది.

*

వచ్చింది బిల్డరు బావమరిది. వెనకాల కారు డ్రైవరు. తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి మాట. చెప్పులు గుమ్మం దగ్గర విప్పబోయి, నేలమీది గాజుపెంకులు చూసి మానుకున్నాడు. డ్రైవరు లోపలికొచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

“అయ్యయ్యో, ఏమైందమ్మా చేతికి?” అన్నాడు బావమరిది తమ్ముణ్ణి చూసి. “కాస్త మంచినీళ్ళిప్పిస్తారా? ఎండ మండిపోతోంది.”

వదిన గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తీరిగ్గా తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు.

“ఇంజనీరు గారూ, మీకోసం మా బావగారు పొద్దున్నించీ అన్నం ముట్టలేదు. ఆ వస్తువు ఇప్పిస్తే వెళ్ళిపోతాం.”

“ఇస్తానండి,” అన్నాడు అన్న. “ఒక్క గంట టైమివ్వండి. ఇంట్లో కొంచెం...”

అతని మాట పూర్తి కాలేదు. బావమరిది అతని జుట్టు పిడికిట్లో పట్టుకుని మొహాన్ని బల్ల అంచుకి కొట్టాడు. గ్లాసు ఎగిరి కింద పడింది. రెండోసారి కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు సన్నగా, ఎండుపుల్ల తుంచినట్టు వినిపించింది. ఇదంతా చేస్తున్నంతసేపూ బావమరిది మొహంలో కోపం లేదు. నడిపికి అదే ఎక్కువ భయమేసింది.

“గంటలు మాకు లేవండీ,” అన్నాడు. “అమ్మా, మీరు చెప్పండి. ఇంట్లో ఇంకా ఎన్ని కంప్యూటర్లున్నాయి?”

“చిన్నాడిది పాడైపోయింది బాబూ. నడిపి గదిలో ఒకటుంది, అంతే. వాణ్ణి వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.” అమ్మ నిజంగానే కాళ్ళమీద పడింది.

అతను కళ్ళతో సైగ చేశాడు. డ్రైవరు నేలమీది సుత్తి తీసుకుని నడిపి గదిలోకి వెళ్ళాడు.

ఆ దెబ్బలు ఆమె నిలబడే విన్నది. ఒక రిటైరైన లెక్చరరు ఏళ్ళ తరబడి తిరిగి సేకరించుకొచ్చిన మాటల నిఘంటువు అందులో సగానికి వచ్చింది. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు, ఫోన్లో అడిగి అడిగి కంపోజ్ చేసింది. ఒక దెబ్బకి అది పోయింది. ఇంకో దెబ్బకి బడిపిల్లల కథల పుస్తకం. అన్నది, తమ్ముడిది, తనది. ఇక ఆ ఇంట్లో ముగ్గురి పనికీ ప్రాణం ఒక్క డబ్బాలోనే మిగిలింది.

డ్రైవరు చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“ఇప్పుడు వస్తువు,” అన్నాడు బావమరిది. అన్నని కాలితో బోర్లా తోసి, మెడమీద చెప్పుకాలు పెట్టాడు. పెట్టి, ఒళ్ళంతా దానిమీద మోపాడు. అన్న చేతులు నేలని గీరుతున్నాయి. మొహం కందిపోతోంది. గొంతులోంచి గురక లాంటిది వస్తోంది.

బాబాయి దవడ నడిపి కళ్ళముందే ఉంది. అన్న మెడ కూడా కళ్ళముందే ఉంది. ఇంతసేపూ ఇవ్వనన్న మనిషి ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

“తియ్యండి! కాలు తియ్యండి! ఇస్తాను!”

“మంచి పిల్లవమ్మా,” అన్నాడతను. కాలు మాత్రం తియ్యలేదు.

గదిలోకి పరిగెత్తింది. అలమారలో పాత ప్రూఫుల కట్ట వెనక చెయ్యి పెట్టింది. తగల్లేదు. కట్ట లాగి కింద పడేసింది. అలమార చెక్క బోసిగా కనిపించింది.

డబ్బా లేదు.

హాల్లోంచి గురక వినిపిస్తూనే ఉంది. పిచ్చిదానిలా బల్ల సొరుగులు లాగింది. పై సొరుగులో తమ్ముడి చచ్చిన డిస్కు ఉంది. ప్రాణం పోయడానికి చూసి, చేతకాక, రిపేరు షాపువాడు నల్లటి ప్లాస్టిక్ తొడుగుతో, తీగతో సహా తిరిగిచ్చింది. ఆలోచించడానికి టైము లేదు. అదే తీసుకుని బయటికొచ్చింది.

బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు కాలు తీసి, అన్నని జుట్టు పట్టి లేపి కూర్చోబెట్టాడు.

“ఇంజనీరు గారూ, ఇదేనా?”

అన్న చూశాడు. దానిమీద తెల్ల కాగితం లేదు. ముగ్గురి పేర్లూ లేవు. ఆ తేడా అతనికి తెలియకపోయే వీల్లేదు. నెత్తురు నిండిన కళ్ళెత్తి చెల్లెల్ని చూశాడు.

“అదే,” అన్నాడు అన్న.

డ్రైవరు దాన్ని నేలమీద పెట్టి సుత్తితో చితక్కొట్టాడు. తొడుగు విరిగింది, లోపలి బిళ్ళ వంకరపోయింది. ముక్కలన్నీ జేబురుమాల్లో మూటకట్టుకున్నారు. సుత్తిని ఇంటివాళ్ళదే కదా అన్నట్టు అక్కడే వదిలేశారు.

“ముక్కుకి ఐసు పెట్టుకోండి,” అన్నాడు బావమరిది వెళ్తూ వెళ్తూ. “లేకపోతే వాపు దిగదు.”

*

కారు కదిలిన చప్పుడు విన్నాక తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. నొప్పితో పళ్ళు కరుచుకునే నవ్వుతున్నాడు.

“చచ్చిన డిస్కుకి మళ్ళీ చావు! అక్కా, నువ్వు మామూలుదానివి కాదే.”

“నేను అసలుదే ఇవ్వడానికి వెళ్ళానురా,” అంది నడిపి.

నవ్వు ఆగిపోయింది.

“బాబాయినీ, నీ పెళ్ళిళ్ళనీ, అన్నీ ఇచ్చేద్దామనే వెళ్ళాను. అక్కడ కనిపించలేదు.”

అన్న లేచాడు. గోడ పట్టుకుని వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేశాడు. తిరిగొచ్చి, మాటా పలుకూ లేకుండా, నడిపి గొంతు పట్టుకుని గోడకి అదిమాడు.

“ఎక్కడ దాచావు?”

“తెలీదు.”

“చెప్పు! అది నకిలీదని ఎవడో ఒకడు వాళ్ళకి చెప్తాడు. మళ్ళీ వస్తారు. ఈసారి అమ్మనీ వదలరు. చెప్పు నడిపీ!”

అతని ముక్కులోంచి కారే నెత్తురు ఆమె చేతులమీద పడుతోంది. అమ్మ వెనకనుంచి వీపు మీద గుద్దుతోంది. ఊపిరాడక నడిపి కళ్ళముందు చుక్కలు కనిపించాయి.

“ఆమెని వదలండి. నా దగ్గరుంది.”

వదిన గొంతు వినడం ఎన్నాళ్ళకో జరిగినట్టుంది. అందరూ అటు తిరిగారు. ఆమె వీధి తలుపు దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పులున్నాయి. భుజాన చేతిసంచి ఉంది. రెండు చేతుల్తో దాన్ని పొట్టకి హత్తుకుంది.

“తువ్వాలు కోసం వెళ్ళినప్పుడు తీశాను,” అంది.

అన్న చేతులు సడలాయి. “ఇటివ్వు.” అతని మొహం ఒక్కసారిగా తేటపడింది. “నువ్వొక్కదానివే నా బాధ తెలిసినదానివి. ఇటివ్వు.”

“ఆ డ్రాయింగు గీసిన రోజు మీరు మంచం మీద అటూ ఇటూ పొర్లుతుంటే, ఏమైందని అడిగాను. నీకర్థం కాదు పడుకో అన్నారు. కడ్డీ సన్నబడితే కప్పు పడుతుందని నాకర్థం కాదా అండీ? ఆ తర్వాత ఏ రోజైనా, ఏం చేద్దామని నన్నొక్కమాట అడిగారా?”

“ఇప్పుడవన్నీ దేనికి? ముందు అదిటివ్వు.”

“ఇందాక వాడు మీ మెడమీద కాలు పెట్టినప్పుడు నాకు ఇంకోటి కూడా అర్థమైంది. దీన్ని పగలగొట్టినంత మాత్రాన వాళ్ళ భయం తీరదు. గీసిన చెయ్యి ఇంకా ఉందిగా. ఇవాళ కాకపోతే రేపు మిమ్మల్నే తుడిచేస్తారు. మేస్త్రీగారు నిజం చెప్పి బయటికి రావాలి. మీరు నిజం చెప్పి లోపలికి వెళ్ళాలి. జైల్లోనైతే కనీసం బతికుంటారు.”

“కోడలా!” అంది అమ్మ. ఆ మాటలో తిట్టుందో, వేడుకోలుందో ఎవరికీ తెలియలేదు.

“పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను అత్తయ్యా,” అని వదిన తలుపు తీసి గడప దాటింది.

అన్న దూకాడు. అతనికన్నా ముందు నడిపి తలుపు మూసి గడియపెట్టి, దానికి వీపు ఆనించింది. ఎందుకు అంత తొందరగా కదిలిందో ఆమెకే తెలియదు. ఇందాక తను వదిలేసుకోబోయిన డబ్బా ఇప్పుడు వదిన చేతుల్లో ఉంది. ఆ చేతులు స్టేషన్ దాకా వెళ్తే చాలు.

“తప్పుకో.”

“తప్పుకోను. నన్ను చంపి పో.”

అతను ఆమె భుజాలు పట్టి తలుపుకేసి కొట్టాడు. తల వెనక గడియ గుచ్చుకుంది. మళ్ళీ కొట్టాడు. తమ్ముడు లేచొచ్చి ఎడమచేత్తో అన్న నడుం పట్టుకుని వేలాడాడు. మోచేత్తో వాడి గడ్డం మీద ఒక్కటి పొడిచాడు అన్న. వాడు మళ్ళీ లేచాడు, మళ్ళీ పట్టుకున్నాడు. ముగ్గురి నెత్తురూ కలిసి తలుపుకి అంటుతోంది.

అమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కోడల్ని పిలవడానికే వెళ్ళి ఉంటుంది. పిలవలేదు.

“ఒరేయ్,” అంది. “ఆ కారు పోలేదురా.”

ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

నడిపికి తలుపు పక్క కిటికీలోంచి వీధి చివరి దాకా కనిపిస్తోంది. మూలమీద, మందుల షాపు ముందు కారు ఆగి ఉంది. బావమరిది బయట నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. వదిన సంచీ హత్తుకుని ఎదురు వరసలో, గోడల వెంట గబగబా నడుస్తోంది. కారుని చూసినట్టు లేదు. మూల దాటి స్టేషనున్న రోడ్డు వైపు తిరిగింది. బావమరిది తల తిప్పి ఆమెని చూశాడు. సంచీని చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని కారెక్కాడు.

కారు తొందరేం లేనట్టు మెల్లగా ఆమె వెనకే మలుపు తిరిగింది.

గడియమీద నడిపి చెయ్యి ఎప్పుడు సడలిందో తెలియదు. తనే తీసిందో, అన్న లాగేశాడో కూడా తెలియదు. తలుపు బార్లా తెరుచుకుంది. అన్న నేలమీది సుత్తి అందుకుని, చెప్పుల్లేకుండా, గాజుపెంకులు తొక్కుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. వెనకాలే నడిపి. ఆమె వెనక తమ్ముడు, వేలాడే చేతిని గుండెకి పట్టుకుని.

మందుల షాపువాడు కౌంటరు వెనక్కి వంగిపోయాడు. నెత్తురు మొహంతో, సుత్తితో పరిగెత్తేవాణ్ణి చూసి జనం గోడలకి అతుక్కున్నారు.

మలుపు తిరిగేసరికి రోడ్డు తిన్నగా కనిపించింది. దూరంగా స్టేషన్ గేటు. దానికి ఇవతల వదిన. ఆమెకీ కారుకీ మధ్య ఎడం తగ్గిపోతోంది.

ఆ సుత్తి కారు కోసమా, వదిన చేతిలోని డబ్బా కోసమా? నడిపి రొమ్ము పగిలేలా పరిగెత్తుతోంది గాని, అన్నని పట్టుకోవాలో, అన్నతో కలవాలో ఆమెకి తేలడం లేదు.

“ఆగు!” అని అరిచాడు అన్న, గొంతు చీలిపోయేలా.

మొగుడి గొంతు విని వదిన ఆగి, వెనక్కి తిరిగింది.

కారు ఆగలేదు.